శిలలో నిలిచిన అడుగు
(నృత్యము నేర్పదలచిన వారికి కొన్ని మాటలు)



మా ధర్మసంస్థవారు ప్రకటించు ఉపన్యాసములలో ఇంతవరకు మేము సంధ్యావందనమును గూర్చియు, రుద్రాధ్యాయమును గూర్చియు, వ్రతకల్పములను గూర్చియు చెప్పియున్నాము. ఈ పర్యాయము నృత్యమును గూర్చి చెప్పుమని కోరినారు. దేవాలయ ప్రాంగణములలో పిల్లలకు నృత్యము, కోలాటము, భజన నేర్పుటకు ముందుకు వచ్చుచున్న యువతీయువకులు కొందరు పరిభాష తెలియక ఇబ్బంది పడుచున్నారట. వేదపాఠశాలలో చదివిన ముసలివానికి గజ్జెలతో ఏమి పని యని మీకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహము మాకును కలిగినది.

కొన్ని సంవత్సరముల క్రిందట శ్రీరామనవమి ఉత్సవములకు ఒక గ్రామమునకు వెళ్ళి, ఇదే విషయముపై మేము ముప్పావుగంటసేపు ఉపన్యసించితిమి. స్థానకములు ఇన్ని, చారులు ఇన్ని, కరణములు ఇన్ని యని సంఖ్యలతో సహా చెప్పితిమి. సభ మెచ్చినది. అంతలో చివరి వరుసలోనుండి ఒక వృద్ధ చెక్కభజన గురువు లేచి చేతులు జోడించి, "సామీ, పేర్లన్నీ బాగుండాయి గానీ, కాలు ఎప్పుడు లేవల్ల, ఎప్పుడు పడల్ల అనేది చెప్పల్యా" అనినాడు. సభ నవ్వినది. మేము నవ్వలేకపోయితిమి. ఆయన అడిగినది ఎగతాళి కాదు, నిజమైన ప్రశ్న. అప్పుడు మావద్ద సమాధానము లేదు. నేటి ఈ మాటలన్నియు ఆ ప్రశ్న చుట్టు తిరుగునవే.

మొదట నాట్యమునకు వేదముతో గల సంబంధమును చెప్పుకొందము. బ్రహ్మదేవుడు దేవతల ప్రార్థనపై ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామవేదమునుండి గీతమును, యజుర్వేదమునుండి అభినయమును, అథర్వవేదమునుండి రసమును గ్రహించి నాట్యవేదమును సృజించెనని భరతముని తన నాట్యశాస్త్రము ప్రథమాధ్యాయములో చెప్పినాడు. అభినయము యజుస్సునుండియే యేల రావలెను? యజ్ఞములో అధ్వర్యువు పని చూచినవారికి ఈ ప్రశ్న పుట్టదు. హోత కూర్చుండి శంసించును, ఉద్గాత గానము చేయును. అధ్వర్యువు మాత్రము లేచుచు, నడచుచు, పాత్రలు ఎత్తుచు, దించుచు, శరీరమంతటితో కర్మ చేయును. ఇష్టియందు యజమానుడు వేయు విష్ణుక్రమములను అడుగులకు అడుగడుగునకు మంత్రము గలదు. అడుగునకు పేరుండుట, పేరుతో కూడ భావముండుట అనునది అక్కడనే యున్నది.

ఇంకొక సంగతి గలదు. గవామయన సత్రములో మహావ్రతమను దినమున దాసీజనము నీటికుండలు తలపై నుంచుకొని, పాదములతో నేలను తాడించుచు, పాడుచు, మార్జాలీయాగ్ని చుట్టు నృత్యము చేయుదురని తైత్తిరీయ సంహిత ఏడవ కాండము చెప్పుచున్నది. మా సీమలో గ్రామదేవత జాతరకు స్త్రీలు కలశములు తలపై నెత్తుకొని డప్పునకు అనుగుణముగా అడుగు వేయుచు వచ్చుట చూచినప్పుడెల్ల మాకు ఆ భాగము స్మరణకు వచ్చును. రెండింటికిని వంశవృక్షము గీయుట మా ఉద్దేశము కాదు. నిండుకుండ తలపై నుంచి ఆడుట వేదమునకు వింత కాదనుటయే మా తాత్పర్యము.

ఇక పరిభాష. భావముతో పనిలేక, తాళలయలను అనుసరించి అంగములు కదలుట నృత్తము. పాటలోని అర్థమును ముఖము, హస్తము చూపుచుండగా సాగునది నృత్యము. కథయు, పాత్రలును, వాక్కును చేరి ప్రదర్శనమైనది నాట్యము. వాడుకలో ఈ మూడింటిని కలిపివేయుచున్నారు, శిక్షకుడు కలుపరాదు. పిల్లవానికి మొదటి రెండేండ్లు నేర్పునది చాలవరకు నృత్తమే యని తెలిసిన గురువు తొలినాడే ముఖములో శృంగారము చూపుమని బలవంతపెట్టడు.

తాండవము, లాస్యము అను మాటలను కూడ విడమరచి చెప్పవలసియున్నది. తాండవము పురుషులది, లాస్యము స్త్రీలది యని విభజించుట స్థూలదృష్టి. ఉద్ధతముగా సాగునది తాండవము, సుకుమారముగా సాగునది లాస్యము. ఒక్క నర్తకియే రెండింటిని ఆడవచ్చును. అనంతపురము మండలములోని చియ్యేడులో 1914లో జన్మించిన సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవము రచించి, దానితో శివలాస్యమును జతచేసినారు. ఆ కావ్యమును బిగ్గరగా చదివిన పిల్లలకు ఈ రెండు మాటల భేదమును వేరుగా వివరింప నక్కరలేదు, నాలుకయే చెప్పును. తాండవమను పేరు తండువను శివగణమునుండి వచ్చినదని శాస్త్రము. ఇక్కడ ఒక విశేషము గమనింపుడు. పరమేశ్వరుడు తాను ఆడి ఊరకుండలేదు. తండువును పిలిచి భరతునకు నేర్పుమని నియోగించినాడు. ఆడినవానికిని నేర్చువానికిని నడుమ నేర్పువాడు ఒకడు కావలసివచ్చినాడు.

ఇప్పుడు మిమ్ములను లేపాక్షికి తీసికొనిపోయెదము. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, మావంటి వృద్ధుల నాలుకకు అది ఇంకను అనంతపురము సీమయే. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, కూర్మశైలమను తాబేటివంటి గుట్టపై, విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు వీరభద్రస్వామి ఆలయమును పెంపొందించినారు. అక్కడి నాట్యమండపములో స్తంభములపై దేవతలందరు ఒక కచేరికి వచ్చినట్లు నిలిచియున్నారు. బ్రహ్మ మద్దెల వాయించుచున్నాడు. తుంబురుడు వీణ పట్టినాడు. నందికేశ్వరుని చేత హుడుక్క. నటరాజు ఉన్నాడు. రంభ ఆడుచున్నది. మూడు కాళ్ళ భృంగి కూడ అడుగు వేయుచున్నాడు. ఆయనయే నాట్యాచార్యుడని స్థానికులు చెప్పుదురు. శివునకు మాత్రమే ప్రదక్షిణము చేయుదునని పట్టుపట్టి, అమ్మవారి ఆగ్రహముచే శరీరములో బలము కోల్పోయి నిలువలేనివాడైనప్పుడు, స్వామి దయతో మూడవ కాలు పొందిన భక్తుడు భృంగి. నిలుచుటకే శక్తి లేనివానికి నాట్యాచార్యపదవి ఇచ్చిన శిల్పి హృదయమును ఏమని పొగడుదుము!

యాత్రికులు వచ్చెదరు. నేలకు ఆనని స్తంభము క్రింద ఉత్తరీయమును దూర్చి ఇటునుండి అటు లాగి, ఆశ్చర్యపడి, ఫోటో తీయించుకొని పోయెదరు. రంభవైపు తిరిగి చూచువారు తక్కువ. మేమును యౌవనములో అట్లే చేసితిమి.

ఈ శిల్పములు అలంకారమునకేనా, లేక చదువునకు కూడ పనికివచ్చునవా? దీనికి సమాధానము ఒక విదేశీయుని వ్రాతలో దొరకుచున్నది. శ్రీకృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, విజయనగరమును దర్శించిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు అంతఃపురమునందలి నృత్యశాలను వర్ణించినాడు. ఆ శాలలో ఒక్కొక్క ఫలకముపై ఒక్కొక్క నృత్యము ముగియునప్పటి భంగిమ చెక్కబడియున్నదట. నర్తకి తాను నిలువవలసిన తీరును మరచినచో ఆ ఫలకమువైపు చూచి జ్ఞాపకము తెచ్చుకొనునట. అదే శాలలో ఒకవైపున, నర్తకులు చేతులతో పట్టుకొని శరీరమును, కాళ్ళను సాగదీసి సడలించుకొనుటకు ప్రత్యేకముగా ఒక స్థలము ఏర్పరుపబడియున్నదనియు వ్రాసినాడు. అనగా 500 సంవత్సరముల క్రిందటనే పాఠమునకు ముందు దేహమును సిద్ధపరచు పద్ధతి ఉండినది. కూచిపూడివారు దీనినే సాము అందురు. వచ్చిన వెంటనే గజ్జె కట్టించి పాటకు ఆడించు శిక్షకులు ఈ మాటను చెవిని బెట్టవలెను. లేత మోకాళ్ళు చెడిన పిదప బాగుచేయుట కష్టము.

పేస్ వ్రాతలో అసలు కీలకమైన మాట మరియొకటి. శిల చూపునది నృత్యము ముగిసిన తరువాతి నిలుకడను. అక్కడికి కాలు ఎట్లు వచ్చినదో శిల చెప్పదు. భజన గురువు అడిగిన ప్రశ్న సరిగా ఇదియే. శాస్త్రము పేరు చెప్పును. శిల స్థితిని చూపును. గతి మాత్రము గురువు దేహములోనే యున్నది. ఈ మూడింటిలో ఏది లోపించినను విద్య కుంటుపడును.

ఒక ఉదాహరణముతో చూతము. నాట్యశాస్త్రము నాలుగవ అధ్యాయములో చెప్పిన 108 కరణములలో మొదటిది తలపుష్పపుటము. పేరు వినగానే బెదరనక్కరలేదు. విడదీయుడు. పుష్పపుటమనగా రెండు చేతులను దోసిలివలె చేర్చిన హస్తము. పూవులు, నీరు, ధాన్యము పట్టుటకు ఇచ్చుటకు దానినే వాడుదుము. ఆ దోసిలి ఎడమ ప్రక్కకు రావలెను. పాదము అగ్రతలసంచరము, అనగా మడమ లేచి, భారము పాదాగ్రముపై నిలువవలెను. ప్రక్క కొంచెము వంగవలెను. దానికి సన్నతమని పేరు. చేయి, కాలు, ప్రక్క మూడును ఒక్కమారే అక్కడికి చేరినప్పుడు తలపుష్పపుటము. దేవునకు పూలు సమర్పించుటకు వంగిన భక్తుని రూపము మీకు కనబడుచున్నదా? రంగమునకు వచ్చిన నర్తకి మొదట పుష్పాంజలి ఘటించుట నేటికిని ఉన్నది గదా. శాస్త్రమున పెద్ద మాటగా కనబడినది మన పూజగదిలో దినము జరుగు పనియే.

ఇట్లు విడదీయుట తెలిసిన శిక్షకుడు పిల్లకు నాలుగు మాటలు ఒక్కసారిగా అప్పగింపడు. ఒకనాడు పాదము, మరునాడు దోసిలి, ఆ తరువాత ప్రక్క. పిదప మూడింటిని కలుపును.

పాదమును గూర్చి మరికొంత చెప్పక తప్పదు. నృత్యమంతయు నేలనుండియే పైకి వచ్చుచున్నది. భరతుడు పాదభేదములను ఐదింటిని చెప్పినాడు. పాదము సహజముగా నేలపై పరచుకొని యుండుట సమము. పాదాగ్రముపై నిలిచి మడమను నేలకు తాటించుట ఉద్ఘట్టితము. మడమ ఎత్తి పాదాగ్రముపై నిలుచుట అగ్రతలసంచరము, ఇప్పుడే చెప్పుకొంటిమి. మడమ నేలకు ఆని పాదాగ్రము పైకి లేచి వ్రేళ్ళు విప్పారుట అంచితము. మడమ లేచి, వ్రేళ్ళు ముడిచి, పాదమధ్యము వంగుట కుంచితము. భరతనాట్యము నేర్చినవారు అడవులలో తట్టు, నాటు, మెట్టు అను మాటలు వినియుందురు. పాదము పూర్తిగా నేలను కొట్టుట తట్టు. చాచిన కాలి మడమను నాటుట నాటు, అంచితమునకు దగ్గర. కుదించి పాదాగ్రముపైకి ఎగిరి మడమలు దించు మెట్టును చూచినప్పుడు, భరతుడు చెప్పిన ఉద్ఘట్టితము కంటికి కట్టినట్లుండునని మా అభిప్రాయము. పల్లెలోని చెక్కభజనలో మడమ తాటించుట లేదా? ఉన్నది. పేరు తెలియకపోయినను పాదము తెలిసినది.

నిలుచు తీరులకు స్థానకములని పేరు. భరతుడు పురుషులకు వైష్ణవము, సమపాదము, వైశాఖము, మండలము, ఆలీఢము, ప్రత్యాలీఢము అని ఆరింటిని చెప్పినాడు. ఒక కాలు చాచి, ఒక కాలు వంచి నిలుచు ఆలీఢము విలుకాని నిలుకడ. కాళ్ళ తీరు మార్చినచో ప్రత్యాలీఢము. నందికేశ్వరుని అభినయదర్పణము చెప్పిన ఆయతమండలము శిక్షకులకు మిక్కిలి ముఖ్యము: పాదముల నడుమ జేనెడు ఎడము, మోకాళ్ళు ప్రక్కలకు తిరిగి వంగియుండుట. నేడు అరమండి యనునది దీని సంతానమే. మడమల ఎడము సంప్రదాయమును బట్టి మారును. మీ గురువు చెప్పినదే మీకు ప్రమాణము. మోకాలు మాత్రము పాదపు వ్రేళ్ళవైపే తిరుగవలెను, లోపలికి పడరాదు. ఈ ఒక్కటి గమనింపని శిక్షకుడు ఎన్ని శ్లోకములు వల్లించినను ప్రయోజనము లేదు.

పాదము, పిక్క, తొడ, నడుము ఒక్కమారు కదలుట చారి; నేలపైనివి 16, ఆకాశచారులు 16. హస్తపాదముల కూడిక కరణము. రెండు కరణములు చేరిన నృత్తమాతృక. మరికొన్ని చేరిన అంగహారము. అంగహారములు 32. పాద, కటి, హస్త, గ్రీవములను త్రిప్పుట రేచకము, అవి నాలుగు. ఇంతకంటె సంఖ్యలు ఇక్కడ అవసరము లేదు.

కరణమనగా బొమ్మవలె నిలుచు భంగిమ యని చాలమంది భ్రమపడుచున్నారు. దానికి కారణము దేవాలయములే. తంజావూరు బృహదీశ్వరాలయ విమానములోపల 81 కరణములు చెక్కి, మిగిలిన ఫలకములు ఖాళీగా విడిచినారు. చిదంబరము గోపురములలో 108 కరణములున్నవి. కొన్నింటి ప్రక్కన నాట్యశాస్త్ర శ్లోకములు సైతము లిఖింపబడినవి. శిల కదలదు గనుక కరణము కూడ కదలనిదే యని తలచినారు. కరణమనగా క్రియ యని అభినవగుప్తుడు తన వ్యాఖ్యానములో స్పష్టముగా చెప్పియున్నాడు. మన కాలమున శ్రీమతి పద్మా సుబ్రహ్మణ్యముగారు శాస్త్రమును, శిల్పములను, తమ దేహమును మూడింటిని ముందుంచుకొని పరిశోధించి, శిల్పి చెక్కినది కదలికలోని ఒక క్షణమును మాత్రమే యని నిరూపించినారు. ఒకే కరణమునకు ఒక ఆలయములో మొదటి క్షణము, మరొక ఆలయములో చివరి క్షణము చెక్కబడియుండవచ్చునన్నమాట. జావా ద్వీపములోని ప్రంబనన్ ఆలయ శిల్పములలో కూడ వారు ఈ కరణములను గుర్తించినారు. కాన లేపాక్షికి పిల్లలను తీసికొనిపోవు శిక్షకులు రంభను చూపి "ఇట్లు నిలువుము" అని చెప్పి ఊరకుండరాదు. "ఈమె ఇంతకుముందు ఎక్కడ ఉండెను? తరువాత ఏ కాలు తీయును?" అని అడుగవలెను. పిల్లలు తలొక విధముగా చెప్పుదురు. చెప్పనిండు, ఆడి చూపనిండు.

హస్తములను గూర్చి పుస్తకములు పుష్కలముగా నున్నవి. నాట్యశాస్త్రములో అసంయుతములు 24, సంయుతములు 13. అభినయదర్పణములో అసంయుతములు 28. మేము ఒక్క పతాకమును గూర్చి మాత్రము చెప్పెదము. వ్రేళ్ళన్నియు చేర్చి చాచి, బొటనవ్రేలు వంచిన పతాకమునకు అభినయదర్పణములో ఎన్నియో వినియోగములున్నవి. నాట్యారంభము, మేఘము, అడవి, నిషేధము, రాత్రి, నది మొదలగునవి. ఒక్క చేయి మేఘము ఎట్లగును, నది ఎట్లగును? చేయి పోవు దారిని బట్టి, దానివెంట పోవు చూపును బట్టి. అందుకే చేయి పోయినచోటికి దృష్టి, దృష్టి పోయినచోటికి మనస్సు పోవలెనని పెద్దలు నియమించినారు.

మన పిల్లల సంగతి ఇక్కడ ఆలోచింపవలెను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమ ఇది. పెన్నను, చిత్రావతిని చాలకాలము ఇసుకగానే చూచి పెరిగిన పిల్లకు "నది చూపు" మన్నచో, కోనసీమ పిల్లవలె తరంగము త్రిప్పుట ఆమెకు పుస్తకవిద్యయే. మేఘము అట్లు కాదు. వేరుసెనగ విత్తి, ఆకాశమువైపు చూచుచు వాకిట కూర్చున్న తండ్రిని ఆమె ఎన్నిమారులో చూచినది. తల ఎట్లు లేచును, కన్ను ఎంతసేపు నిలుచును, మబ్బు విడిపోయినప్పుడు రెప్ప ఎట్లు వాలును అనునవి ఆమెకు తెలిసినంతగా మనకు తెలియవు. పైకి చూచు చూపునకు అభినయదర్పణములో ఉల్లోకితమని పేరు. శిక్షకుడు ఆమె ఎరిగిన చూపునకు ఆ పేరు పెట్టినచో చాలును. ఎరుగని చూపును తెచ్చి అంటించినచో అది అభినయము కాదు, అనుకరణము.

వాన కొరకు విరాటపర్వము చదివించు ఆచారము, కప్పతల్లి ఊరేగింపు, బండపై పాయసము పోసి నాకు వరదపాశము మన సీమలో ఉన్నవే. శాస్త్రకారులు ఇట్టివానిని చిన్నచూపు చూడలేదు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 13వ శతాబ్దమధ్యమున నృత్తరత్నావళిని రచించి, ఎనిమిది అధ్యాయములలో మార్గమును, దేశిని రెండింటిని వివరించినాడు. భరతాదులు చెప్పినది మార్గము. ఆయా దేశముల జనులు తమ రుచికొలది ఆడునది దేశి. పేరణి, ప్రేంఖణము, గొండలి వంటివానికి ఆయన సంస్కృతములో లక్షణము చెప్పినాడు. అట్లు చెప్పుటవలననే, పేరణిని పునరుద్ధరించుటకు నటరాజ రామకృష్ణగారికి (1923–2011) ఆ గ్రంథమును, రామప్పగుడి శిల్పములును ఆధారములైనవి. గ్రంథము పేరు నిచ్చినది, శిల స్థితి నిచ్చినది. నడుమ తెగిన గతిని ఆయన జీవితమంతయు వెచ్చించి వెదకవలసివచ్చినది. గురుపరంపర తెగినచో ఎంత శ్రమయో గ్రహింపుడు.

మన ఉరుములవారి నృత్యము ఈ అనంత సీమకే ప్రత్యేకమైన సొత్తు. వారు వాయించు వాద్యము పేరు ఉరుము. మేఘము చేయు ధ్వని పేరును ఉరుమే. గొరవయ్యల ఆట గలదు. చెక్కభజన, పండరిభజన, కోలాటము గలవు. కోలాటములో ఒక్కొక్క ఆటతీరునకు కోపు అని పేరు. త్రాళ్ళు పట్టి జడవలె అల్లి, మరల తారుమారుగా ఆడి విప్పునది జడకోపు. ఇందులో ఎవరు ఎవరికి ఎడమగా పోవలెను, ఎవరు లోపలికి పోవలెను అనునది ఏ గ్రంథములోను లేదు. గురువు కాలిలో ఉన్నది. కరవు వచ్చి నలుగురు కుర్రవాండ్రు బెంగుళూరికి పనికి పోయినచో ఆ ఏడు జడ అల్లబడదు. రెండు మూడేండ్లు అట్లే గడచినచో చిన్నపిల్లలకు ఆ కోపు పేరు కూడ తెలియదు. మాకు ప్రశ్న వేసిన భజన గురువు దళములో 16 మంది ఉండెడివారట. మేము వెళ్ళిన ఏట తొమ్మిదిమంది మిగిలిరి. మార్గము నేర్పు శిక్షకులారా, మీ ఊరి దేశిని ఎరిగిన వృద్ధుని మీ తరగతికి పిలిచి పీట వేయుడు. ఆయన చెప్పు పేర్లను ఆయన మాటలలోనే వ్రాసికొనుడు, దిద్దకుడు.

సంప్రదాయముల చరిత్రను క్లుప్తముగా చెప్పెదము. కృష్ణాతీరమునందలి కూచిపూడి యక్షగాన, కలాప సంప్రదాయము. భామాకలాపకర్త సిద్ధేంద్రయోగిని వారు మూలపురుషునిగా పూజింతురు. ఆ భాగవతులకు మన రాయలసీమతో పాతబంధము గలదు. సిద్ధవటము సీమ నేలిన సమ్మెట గురవరాజు దౌష్ట్యమును వారు విజయనగర ప్రభువు ఎదుట వేషము కట్టి ప్రదర్శించి ప్రజలకు విముక్తి కలిగించిరని మాచుపల్లి కైఫీయత్తు చెప్పుచున్నది. చాలకాలము పురుషులే స్త్రీవేషములు ధరించిన ఈ విద్యను 20వ శతాబ్దమున వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకును నేర్పినారు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి దేశదేశములకు వ్యాపింపజేసినారు. భరతనాట్యమునకు నేటి కచేరిక్రమమును 19వ శతాబ్దమున తంజావూరు సోదరులు నలుగురు ఏర్పరచినారు. అందులో అభినయించు క్షేత్రయ్య పదములు మన తెలుగువే. 1936లో రుక్మిణీదేవి కళాక్షేత్రమును స్థాపించినారు. కథక్, కథకళి, ఒడిస్సీ, మణిపురి, మోహినియాట్టము, సత్రియ మొదలగువానిని గూర్చి ఆయా గురువుల వద్దనే తెలిసికొనుట మంచిది.

ఒక్క విషయము మాత్రము దాటవేయరాదు. రాజరాజచోళుడు తంజావూరు ఆలయమునకు 400 మంది నర్తకీమణులను నియమించినట్లు శాసనము గలదు. వందలయేండ్లు గుడినృత్యమును తమ దేహములలో కాపాడినవారు ఆ స్త్రీలు. కాలక్రమమున ఆ వ్యవస్థ బాలికల పాలిట ఉచ్చుగా మారినది. 1947లో మద్రాసు ప్రభుత్వమును, 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును శాసనములు చేసి దేవతకు బాలికలను సమర్పించుటను నిషేధించినవి. అది ధర్మమే, మేము సందేహింపము. అయితే నిషేధము వచ్చినప్పుడు సంఘము ఆ స్త్రీల విద్యను మాత్రము తాను తీసికొని, వారిని గడప వెలుపల నిలిపినది. అది ధర్మము కాదు. ఆలయనృత్యమును గూర్చి పిల్లలకు గర్వముగా చెప్పు శిక్షకులు ఈ రెండింటిని కలిపియే చెప్పవలెను. మావంటి ఆచారపరులు ఈ మాట పలుకుటకు చాలకాలము పట్టినదని కూడ ఒప్పుకొనుచున్నాము.

చివరకు, ఎట్లు నేర్పవలెను? మాకు తెలిసిన పద్ధతి ఒక్కటియే, సంత. పాఠశాలలో గురువుగారు ఒకమారు చెప్పెదరు, శిష్యులు రెండుమారులు చెప్పెదరు. బాల్యములో మా గురువుగారు అనుదాత్తమునకు మా తలను చేతితో వంచెడివారు, స్వరితమునకు పైకెత్తెడివారు. అనుదాత్తమనగా ఏమో మాకు అప్పుడు తెలియదు. మెడకు తెలిసినది. ఏండ్ల తరువాత శిక్షాగ్రంథములో లక్షణము చదివినప్పుడు, ఎరిగినదానికి పేరు వచ్చినట్లయినది. భజన గురువుకు ఆనాడు మేము చెప్పవలసిన సమాధానము మాకు ఈ జ్ఞాపకమునుండియే దొరకినది. అడుగును గురువు ఒకమారు వేయవలెను, శిష్యులు రెండుమారులు వేయవలెను. మొదట నోటితో సొల్లు, తరువాత చేతితో తాళము, తరువాత కాలు. అడుగు కుదిరిన తరువాతనే దానికి పేరు. పేరు వచ్చిన తరువాత శిల్పదర్శనము. సెల్‌ఫోనులో చూచి నేర్చుకొనుచున్న పిల్లలు కలరు. చూచుట తప్పు కాదు. కాని ఆ పెట్టె తప్పుడు మోకాలిని చేతితో పట్టి సరిచేయదు. కాలు పడవలసినచోట పడనప్పుడు "ఆగు" మనదు.

మరుసటి ఏడు అదే గ్రామమునకు వెళ్ళి, ఈ మాట ఆ వృద్ధునితో చెప్పితిమి. ఆయన నవ్వి, తన చెక్కలు తీసి మా చేతికిచ్చి, "అట్లయితే ఒకపారి వేసేది నేను, రెండుపార్లు వేసేది మీరు, సామీ" అనినాడు. మా మోకాళ్ళు సహకరింపలేదు గాని, ఆ రాత్రి దేవాలయము ముందు తాళమును మాత్రము తప్పక పట్టితిమి. తాళము యొక్క పది ప్రాణములను గూర్చి రాబోవు ఉపన్యాసములో విన్నవించెదము.